నాలుగు రోజుల శాశ్వతం

“మీ చెల్లెలు కారెక్కడం మీరు కళ్లారా చూశారా?”

“చూశాను మేడమ్. ఇదిగో, ఈ షట్టర్ దగ్గరే నిలబడ్డాను. పాప కిటికీలోంచి చెయ్యి కూడా ఊపింది.”

“కారు ఎవరిదని అడగలేదా?”

“ఎందుకడుగుతాను? రమ్మని రాసింది మేమేగా!”

మూడు రోజులుగా అందరూ ఈ ఒక్క జవాబు దగ్గరే ఆగిపోతున్నారు. వీళ్లు పిలిచారు, కారు వచ్చింది, తల్లీ బిడ్డా ఎక్కారు. పంపాల్సినవాళ్లు మాత్రం మేం కారే పంపలేదంటున్నారు.

నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నావిడ ఈ జిరాక్స్ షాపు యజమానురాలు. తప్పిపోయింది ఆవిడ చెల్లెలూ, ఆ చెల్లెలి ఐదేళ్ల కూతురూ. చెల్లెలి మొగుడు పోలీసు శాఖలో జీపు డ్రైవరు. జీపునెంత ఒద్దికగా నడుపుతాడో నాకు తెలియదుగానీ, ఇంట్లో మాత్రం చెయ్యి అదుపులో ఉండదు. భార్యని కొట్టినన్నాళ్లూ ఆమె ఓర్చుకుంది. దెబ్బ పాప మీద పడ్డ రోజున పాపని చంకనేసుకుని అక్క షాపుకి వచ్చేసింది.

మొదట నా అనుమానం కూడా అతగాడి మీదే. కానీ ఆ సాయంత్రం అతను అధికారుల్ని ఎక్కించుకుని ఊరవతల ఉన్నాడు. జీపులో ఉన్నవాళ్లందరూ సాక్షులే. పైగా పెళ్లాం ఎక్కడుందో చెప్పమంటూ ఇప్పటికే రెండుసార్లు వచ్చి ఈ షట్టర్‌ని తన్ని వెళ్లాడు. దాచుకున్నవాడు వెతుక్కోడు. ఆ తల్లీబిడ్డల్ని అతనికంటే ముందు నేను పట్టుకోవాలి. అతను ముందు పట్టుకుంటే ఏమవుతుందో షాపావిడ నాకు చెప్పలేదు, చెప్పబోయి నోరు మూసుకుంది.

“ఆ రోజు మీ చెల్లెలు రాసింది ఏ కంప్యూటర్ మీద?”

“ఈ మూల దాని మీదే. నేను అటు తిరిగి కాగితాలు కట్టలు కడుతున్నాను. ఎన్నో కష్టాలు రాసుకుంటుంది కదా, తొంగి చూడటం ఎందుకని.”

“చిరునామా ఎలా తెలిసింది?”

ఆవిడ సొరుగులోంచి అగ్గిపెట్టెంత కార్డు తీసి ఇచ్చింది. ‘ఇంట్లో భయంగా ఉందా? మాకు రాయండి. పేరు అక్కర్లేదు.’ కింద వాళ్ల వెబ్‌సైట్‌లో సాయం పేజీ చిరునామా. ఆసుపత్రుల్లో ఆడవాళ్ల బాత్రూం తలుపుల వెనక ఈ కార్డులు అంటించి ఉంటాయి. అవి ఇల్లొదిలి వచ్చిన ఆడవాళ్లని దాచే ఆశ్రయం వాళ్లవి. ఆశ్రయాన్ని నడిపేది రిటైరైన ఒక హెడ్‌నర్సు. అందరికీ ఆవిడ పెద్దమ్మ, నాకూ పెద్దమ్మే. ఈ కేసు నాకిచ్చిందీ ఆవిడే. ఆశ్రయం ఎక్కడుందో బయటివాళ్లకి చెప్పరు. సైటు తెరిచి, సాయం పేజీలో ఎక్కడికి రావాలో రాస్తే కారు పంపుతారు. పేరు మాత్రం అడగరు. ‘పేరుతో నాకేం పనే? భయపడి వచ్చిందా లేదా, అంతే’ అంటుంది పెద్దమ్మ.

అయితే కార్డు మీదున్నది పాత చిరునామా. ఆశ్రయం ఆ మధ్య పేరు మార్చుకుంది, దాంతోపాటు సైటు చిరునామా కూడా మారింది. ఊరంతా అంటించిన కార్డుల్ని ఎవరు పీకగలరు? అందుకని పాత చిరునామా కొట్టినవాళ్లని వాళ్లకి తెలియకుండానే కొత్తదానికి చేర్చే ఏర్పాటు చేశారు. దాన్నే రీడైరెక్ట్ అంటారు. పొద్దున నా ఫోన్లో కొట్టి చూస్తే పాతది నేరుగా కొత్తదానికే తీసుకెళ్లింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

“ఒకసారి దీంట్లో కొట్టి చూపించండి,” అన్నాను.

“దీంట్లో రావట్లేదు మేడమ్. మొన్నటినుంచీ నెట్ బాగోలేదు.”

“మిగతా పేజీలు వస్తున్నాయా?”

“అవన్నీ వస్తున్నాయి.”

“అన్నీ వస్తూ ఇదొక్కటే రాకపోతే బాగోలేనిది నెట్ కాదండీ. లేవండి, నేను చూస్తాను.”

కూర్చుని కార్డు మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాను. పైన చిరునామా గడిలో అక్షరాలు చకచకా మారాయి. ‘ఈ పేజీ అందుబాటులో లేదు’ అని వచ్చింది. మారిన చిరునామాని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ఆశ్రయం కొత్త పేరే. కాకపోతే చివర ఒక అక్షరం ఎక్కువుంది.

అదే షాపు వైఫైతో నా ఫోన్లో మళ్లీ కొట్టాను. శుభ్రంగా ఆశ్రయం సైటు తెరుచుకుంది.

కొట్టిన చిరునామా ఒకటే, నెట్టూ ఒకటే. చేరిన ఇళ్లు మాత్రం రెండు. ఇలాంటప్పుడే నాకు నా ఉద్యోగం మీద ప్రేమ పుడుతుంది.

“ఏం భూతద్దం! ఏమైనా కనబడిందా?”

తల ఎత్తకుండానే ఎవరో తెలిసింది. ఈ ప్రాంతం స్టేషన్ ఇన్‌స్పెక్టరు, మా అక్క మొగుడు. నేను ఏ కేసు తల పట్టుకున్నా దాని తోక ఈయన చేతిలో ఉంటుంది. ఊళ్లో ఇంకెవరన్నా నన్ను భూతద్దం అంటే ఊరుకోను. బావ కాబట్టి పదిహేనేళ్లుగా ఊరుకుంటున్నాను.

“డ్రైవర్ తాతని ఎప్పుడు వదులుతారు బావా?” అన్నాను. ఆశ్రయం కారు నడిపే ముసలాయన్ని నిన్నటినుంచీ స్టేషన్లో కూర్చోబెట్టారు.

“నిజం చెప్పినప్పుడు.”

“ఆ సాయంత్రం ఆయన కారు మెకానిక్ దగ్గరుంది. ఇంజన్ కిందికి దించి ఉంది. ఇంజన్ లేని కారులో తల్లీబిడ్డల్ని ఎలా ఎత్తుకెళ్లాడు, తోసుకుంటూనా?”

“ఆ మెకానిక్ వాడి బామ్మర్ది.”

“బామ్మర్ది అయితే ఇంజన్ తిరిగి ఎక్కేస్తుందా?”

“నా సర్వీసులో బామ్మర్దులు చెప్పిన నిజం ఒక్కటీ వినలేదు. మరదళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.” షాపావిడ వైపు తిరిగి గొంతు మార్చాడు. “చూడమ్మా, మీ చెల్లెలు తనంతట తాను కారెక్కింది. మొగుడూ పెళ్లాల గొడవ. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. ఈ డిటెక్టివ్ గారి మాటలు విని లేనిపోని భయాలు పెట్టుకోకు.”

షాపావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

“మీ కంప్యూటర్ సెక్షన్ ఏం తేల్చింది?”

“పాత అడ్రస్ కొడితే సరిగ్గా ఆశ్రయానికే పోతోందట. రిపోర్టు రాసిచ్చారు.”

“వాళ్ల కంప్యూటర్లో కొట్టి చూసుంటారు. ఇటు రండి, ఈ కంప్యూటర్లో చూడండి.”

చూపించాను. తర్వాత ఫోన్లోనూ చూపించాను. ఆయన రెంటినీ మార్చి మార్చి చూశాడు. అక్కడితో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఎదుటివాడు తెల్లమొహం వేశాక ఊరుకోవడం నాకు పుట్టుకతో రాలేదు.

“ఇల్లు మారేటప్పుడు పోస్ట్‌మ్యాన్‌కి రెండు రకాలుగా చెప్పొచ్చు బావా. ‘ఈ వారం మా అక్కావాళ్లింట్లో ఉంటాం’ అని చెబితే అతను ప్రతిసారీ పాతింటికి వచ్చి, అడిగి, అప్పుడు అక్కడికి పోతాడు. అది తాత్కాలికం. ‘ఇక ఎప్పటికీ అక్కడే’ అని చెబితే మళ్లీ పాత గుమ్మం తొక్కడు. నేరుగా కొత్త చోటికే పోతాడు. అది శాశ్వతం. రీడైరెక్టులు కూడా ఈ రెండు రకాలే. శాశ్వతం అని ఒకసారి వింటే కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. ఎవరో కొన్నాళ్లపాటు ఆ సాయం పేజీని దొంగ పేజీకి మళ్లించారు. పనయ్యాక మళ్లీ సరిచేసేశారు. అందుకే మీవాళ్లకీ నాకూ అంతా సవ్యంగా కనబడింది. కానీ మళ్లించినప్పుడు శాశ్వతం అని రాశారు. ఆ రోజుల్లో తెరిచిన ఈ కంప్యూటర్ పాపం ఇంకా ఆ మాటే నమ్ముకుని ఉంది.”

బావ నవ్వలేదు. అదే నాకు పెద్ద గెలుపులా అనిపించింది.

“అంటే,” అన్నాడు నెమ్మదిగా, “ఆ రోజుల్లో తెరిచినవాళ్లు ఎవరైనా సరే, ఇప్పుడు మళ్లీ తెరిచినా ఆ దొంగ పేజీకే పోతారా?”

“పోతారు. పాత జ్ఞాపకాలు చెరిపేసుకుంటే తప్ప. ఆ దొంగ పేజీ ఇప్పుడు లేదు కాబట్టి సరిపోయింది.”

“ఆశ్రయం వైపు ఏమీ మార్చకపోయినా?”

“మార్చకపోయినా.”

“బాగుంది,” అని లేచి టోపీ పెట్టుకున్నాడు.

“కంప్యూటర్‌కి సీలు వేయరా?”

“సాయంత్రం మనిషిని పంపిస్తాలే.”

“అక్క ఎలా ఉంది?”

“నీకంటే నయం. దానికి నోరు లేదు.”

నేను నవ్వాను. ఆయనా నవ్వుతూ వెళ్లిపోయాడు. నేను కంప్యూటర్ తీగ పీకించి, ఎవరొచ్చి అడిగినా ఇవ్వొద్దని షాపావిడకి గట్టిగా చెప్పి, షట్టర్ దింపించాను. ఆవిడ తాళం వేస్తూ ఒకటే మాట అంది. “పాపకి చీకటంటే భయం మేడమ్. లైటు ఉన్న గదిలోనే ఉంచారంటారా?” ఉంచారనే అన్నాను.

శాశ్వతం అనే మాట ఆ రోజంతా నన్ను వేధిస్తూనే ఉంది. నాలుగు రోజుల మోసానికి దిగినవాడు తాత్కాలికం అని రాసుకోవాలి. అప్పుడు ఆనవాలు కూడా మిగలదు. వీడు శాశ్వతం అని ఎందుకు రాశాడు? పని తెలియనివాడనుకుందామా అంటే ఎవరికీ అనుమానం రానంత నున్నగా దొంగ పేజీ కట్టాడు. పని తెలిసినవాడికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా? తెలిసీ రాశాడంటే ఆలోచించి రాయలేదన్నమాట. చెయ్యి రాసేసింది.

ఆశ్రయం సైటు చూసేది నెట్ మాస్టారు. టైర్ల దుకాణం పైన కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఆశ్రయం పని ఊరికే చేసిపెడతాడు. పెద్దమ్మకి ఆయనంటే కొడుకు కంటే ఎక్కువ. నేను సాయంత్రం వెళ్లేసరికి పిల్లలు వెళ్లిపోయారు, గది నిండా కింది నుంచి వచ్చే రబ్బరు వాసన. మాస్టారు బోర్డు తుడుస్తున్నాడు. నన్ను చూసి డస్టర్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఆశ్రయం సైటు తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి మాస్టారూ?”

“నా దగ్గర, పెద్దమ్మగారి దగ్గరండి.”

“ఆవిడకి వాటితో ఏం చెయ్యాలో తెలుసా?”

“ఆవిడ పాస్‌వర్డ్ బీరువాలో దాచి, ఆ బీరువా తాళం ఎక్కడ పెట్టారో మర్చిపోయారండి.”

“అయితే ఇక మిగిలింది మీరే.”

“హ్యాకర్లుంటారు కదండీ.”

“హ్యాకరు వచ్చి, ఒక్క సాయం పేజీని మాత్రం దారి మళ్లించి, పనయ్యాక మళ్లీ ఎక్కడివక్కడ సర్దేసి వెళ్లాడా? దొంగ ఇల్లు దోచుకుని, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి వెళ్లినట్టుంది మీరు చెప్పేది.”

మాస్టారు చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు. ఈయన్ని బెదిరిస్తే వకీలు కావాలంటాడు. పాఠం అడిగితే మాత్రం కాదనలేడు. బల్ల మీదున్న మార్కర్ తీసి ఆయన చేతికిచ్చాను.

“పోనీ, నాకొకటి నేర్పండి. మా స్నేహితురాలికి బట్టల షాపుంది, దానికో సైటుంది. షాపుకి రంగులు వేయిస్తోంది. ఓ నాలుగు రోజులు ఆ పేజీకి వచ్చినవాళ్లని ఇంకో పేజీకి పంపాలి. ఎలా రాయాలి?”

మాస్టారి మొహంలో రంగు మారింది. అప్పటిదాకా వంగిన నడుము నిలువైంది.

“తేలికేనండి. చాలామంది ఏం చేస్తారంటే పేజీ మార్చేసి పాత చిరునామాని గాలికొదిలేస్తారు. అది పాపమండి. ఆ చిరునామా ఎక్కడెక్కడో అచ్చయి ఉంటుంది, ఎవరో దాచుకుని ఉంటారు. దాన్ని నమ్ముకుని వచ్చినవాడికి తలుపు మూసి కనబడితే వెనక్కి పోతాడు, ఇక రాడు. కొందరు పోనీలే అని అందరినీ తెచ్చి మొదటి పేజీలో పడేస్తారు. అదీ తప్పే. పెళ్లికి పిలిచినవాణ్ని వీధరుగు మీద వదిలేసినట్టు. ఏ పాత పేజీకి వచ్చినవాణ్ని దానికి సరిపోయే కొత్త పేజీకే పంపాలి. ఇదిగో, ఇలాగ.”

మాట్లాడుతూనే రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. రీడైరెక్ట్ అన్న మాట, పక్కన 301 అంకె, తర్వాత పాత పేజీ, తర్వాత కొత్త పేజీ. కింద గీత కూడా గీశాడు.

“ఈ 301 అంటే?”

“శాశ్వతం అండి.”

“నేను నాలుగు రోజులకే అన్నాను మాస్టారూ.”

మార్కర్ బోర్డు మీద ఆగిపోయింది. ఆయన తను రాసిన అంకెని ఎవరో పరాయివాడు రాసినట్టు చూశాడు.

“అవును, 302 రాయాలి,” అన్నాడు. “చెయ్యి... అలవాటండి.”

“పరీక్షలో పిల్లలు 301 బదులు 302 రాస్తే మార్కులు కోసేస్తారేమో?”

“సగం కోస్తాను,” అని కుర్చీలో కూలబడ్డాడు.

“మళ్లించింది మీరేనని ఎవరూ నాకు చెప్పలేదు, మీ చెయ్యే చెప్పింది. మీరు సర్వర్‌లో అంతా సరిచేశారు. కానీ షాపులో ఆ కంప్యూటర్ మీరు శాశ్వతం అన్న మాటని ఇంకా మర్చిపోలేదు. తల్లీ బిడ్డా ఎక్కడ?”

మాస్టారు ఏడ్చాడు. మీసాలు నెరిసిన మనిషి ఏడుస్తుంటే చూడటం కష్టం. కానీ ఐదేళ్ల పాప గుర్తొచ్చి నేను ఓదార్చలేదు.

“క్షేమంగా ఉన్నారనే చెప్పారండి. ఎక్కడో నాకు తెలియదు, నా తల్లి మీద ఒట్టు. ఇది పోలీసు ఆపరేషన్ అన్నారు. ఆడవాళ్లని మాయచేసి తీసుకుపోయే ముఠా ఒకటుంది, అందులో ఒకావిడ ఆశ్రయానికి రాస్తుంది, ఆమెని పట్టుకోవాలి, నాలుగు రోజులు సాయం పేజీని మా పేజీకి మళ్లించు అన్నారు. ఆశ్రయం పరువు కోసం ఎవరికీ చెప్పొద్దన్నారు. డ్రైవర్ తాత అరెస్టు కూడా నాటకమే, ముఠా కళ్లు కప్పడానికి అన్నారు.”

“ఎవరన్నారు?”

“ఇన్‌స్పెక్టర్ గారు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఊళ్లో చాలామంది ఇన్‌స్పెక్టర్లున్నారు.

“ఏ ఇన్‌స్పెక్టరు?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. “మీ బావగారేనండి.”

బావ నాకంటే ముందే కేసు తోక పట్టుకోవడం కొత్త కాదు. కానీ ఈసారి తల కూడా ఆయనదే. నిజంగా ఆపరేషనే అయితే పొద్దున నా ముందు అమాయకంగా ఎందుకు నటించాడు? ముఠా కోసం వేసిన వలలో జీపు డ్రైవరు పెళ్లాం పడితే, పొరపాటయిందని వెంటనే వదిలేయాలి కదా?

“ఆ పేజీ నాకు చూపించండి.”

“ఇవాళ మధ్యాహ్నమే మళ్లీ పెట్టానండి. ఆయన ఫోన్ చేశారు. ఆశ్రయం సర్వర్ ముట్టుకోవద్దు, ఉత్త మన పేజీని నిలబెట్టు చాలు, రావాల్సినవాళ్లు వాళ్లే వస్తారు అన్నారు. నాకే ఆశ్చర్యమేసింది, ఈ కిటుకు ఈయనకెలా తెలిసిందా అని.”

నేను చెబితే తెలిసింది. పొద్దున షాపులో కాలు మీద కాలేసుకుని, పోస్ట్‌మ్యాన్ కథ చెప్పి మరీ నేర్పించాను. దొంగ చేతికి తాళం చెవిచ్చి, తలుపు ఎలా తీయాలో కూడా చూపించాను. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మాస్టారు పేజీ తెరిచాడు. రంగులూ అక్షరాలూ అచ్చు ఆశ్రయం పేజీలాగే ఉన్నాయి. పేరు అడగలేదు. ఎక్కడికి రావాలి, పిల్లలున్నారా, దెబ్బలున్నాయా, ఇవన్నీ ఆశ్రయం అడిగేవే. వాటి కింద ఆశ్రయం ఎన్నడూ అడగని ప్రశ్న ఒకటుంది.

‘మీ భర్త పోలీసు శాఖలో పనిచేస్తారా?’

“ఇది ఆయన పెట్టించిందే,” అన్నాడు మాస్టారు. “అవును అన్నవాళ్ల వివరాలు మాత్రమే తనకి పంపమన్నారు. మిగతావాళ్లవి ఆశ్రయానికే పంపేశానండి, ఒక్కటి కూడా ఆపలేదు.”

జీపు డ్రైవరు పెళ్లాం అవును అని రాసింది. పేరు రాయలేదు, పేరు అడిగితే ఆడవాళ్లకి అనుమానమొస్తుంది కాబట్టి వీళ్లూ అడగలేదు. కారు వెళ్లింది, తలుపు తీసి చూస్తే అనుకున్న మనిషి కాదు. వదిలేస్తే ఈ పేజీ సంగతి బయటపడుతుంది. అందుకే దాచాడు. మరి అనుకున్న మనిషి ఎవరు? పోలీసు మొగుడున్న ఏ ఆడది ఆశ్రయానికి రాస్తుందని బావకి ముందే అంత గట్టిగా తెలుసు?

“దాని కింద ఇంకో ప్రశ్న ఉందేమిటి?”

“అది ఇవాళ కలపమన్నారండి. పోయినసారి పొరపాటు జరిగిందట.”

‘ఆయన హోదా ఏమిటి?’

“ఇవాళ ఎవరైనా రాశారా?”

“ఒక్కరే. రాగానే ఆయనకి పోయింది. అది దానంతటదే వెళ్లిపోతుంది, నేను ఆపేది కాదు.”

తెరిచి నా వైపు తిప్పాడు. పిల్లలు: లేరు. భర్త పోలీసా: అవును. హోదా: ఇన్‌స్పెక్టర్. ఎక్కడికి రావాలి: గ్రంథాలయం వెనక గేటు. చివర్లో, ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయమన్న గడిలో రెండు ముక్కలున్నాయి.

‘పోయిన వారం కూడా తెరిచి, ధైర్యం చాలక మూసేశాను. మా చెల్లెలికి మాత్రం తెలియనివ్వకండి, దానికి వాళ్ల బావంటే ప్రాణం, చెబితే నమ్మదు.’

మా అక్క నాతో ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. మధ్యమధ్యలో బావ ఏదో జోకు వేస్తాడు. నేను పగలబడి నవ్వుతాను. ఎంత సరదా మనిషో అనుకునేదాన్ని. ఊరందరి ఇళ్లలో దాగిన రహస్యాలు తవ్వి పోశాను, మా అక్క ఇంట్లో ఒక్క రోజు గొంతు తగ్గించి, ‘నువ్వు బాగున్నావా’ అని అడగలేదు. ‘దానికి నోరు లేదు’ అని ఆయన అంటే పొద్దున కూడా నవ్వాను.

“మాస్టారూ, ఆ పేజీ తీసేయండి. ఆశ్రయం వాళ్లకి ఫోన్ చేయండి. పెద్దమ్మకి అంతా చెప్పండి, మీరు ఏడ్చిన సంగతి తప్ప అంతా.”

మెట్లు దిగుతూ అక్క నంబరు నొక్కాను. గ్రంథాలయానికి పరిగెత్తినా ఇరవై నిమిషాలు పడుతుంది. రింగవుతోంది. అక్కా, ఎత్తు. ఆ కారెక్కకే. పుస్తకం మర్చిపోయానని చెప్పి లోపలికి వెళ్లిపో. జనంలో కూర్చో. ఎత్తు.

ఎత్తారు.

“అక్కా! ఎక్కడున్నావు? ఆ కారు ఆశ్రయానిది కాదు. ఎక్కావా?”

“ష్,” అంది ఒక చిన్న గొంతు. “గట్టిగా మాట్లాడకు.”

మా అక్కకి పిల్లల్లేరు. టైర్ల దుకాణం ముందు అలాగే నిలబడిపోయాను.

“ఎవరమ్మా నువ్వు?”

“పాపని.”

“అమ్మ ఉందా నీ దగ్గర?”

“పడుకుంది. అమ్మకి జ్వరం. కొత్త ఆంటీ వచ్చింది. ఈ ఫోను నా గౌను జేబులో పెట్టేసింది, ఎవరికీ చెప్పొద్దంది.”

బతికే ఉన్నారు. “మంచి పాపవి. ఆంటీ ఏం చేస్తోంది?”

“తలుపు దగ్గర పోలీసు టోపీ మామయ్యతో మాట్లాడుతోంది. మామయ్య అరుస్తున్నాడు.”

“కిటికీ ఉందా అక్కడ? బయట ఏం కనబడుతోందో చూసి చెప్పు తల్లీ.”

“కిటికీకి పేపర్లు అంటించారు. కొంచెం చిరిగింది, చూడనా?”

“చూడు. మెల్లగా వెళ్లు.”

చిన్న పాదాల చప్పుడు. కాగితం చిరిగిన చప్పుడు. తర్వాత ఏదో బరువైనది నేల మీద పడింది, మా అక్క గొంతు ఒకసారి వినబడి ఆగిపోయింది. తర్వాత పాప మళ్లీ మాట్లాడింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

“ఫోన్లో ఎవరని మామయ్య అడుగుతున్నాడు. ఏమని చెప్పను?”